మీ జంటను హుద్‌హుద్ వారానికి పంపండి

ప్రశ్న: మాది చీపురుపల్లి. నలుగురం కలిసి యూట్యూబ్‌లో పెట్టడానికి పది ఎపిసోడ్ల సీరియల్ తీద్దామనుకుంటున్నాం. ఒక్కో ఎపిసోడ్ 20 నిమిషాలు. గిరి కరెంటు లైన్‌మన్, శ్రావణి ప్రైవేటు స్కూల్లో టీచరు, వాళ్లకి 2012లో పుట్టిన పాప. విజయనగరంలో అయ్యకోనేరు దగ్గర అద్దె ఇల్లు. విడాకులకు కోర్టుకెళ్తారు, జడ్జి ఆ రోజే మంజూరు చేస్తాడు. రాత్రి పడుకుని లేచేసరికి ఇద్దరూ 2003లో, డిగ్రీ చదివే రోజుల్లో ఉంటారు. ‘గో బ్యాక్ కపుల్’ అనే కొరియన్ సీరియల్ చూశాక వచ్చిన ఆలోచన ఇది. మూడు ఎపిసోడ్లు రాశాను, మీకు పంపుతున్నాను. చదివినవాళ్లు “సరదాగా ఉంది గానీ వీళ్లెందుకు విడిపోయారో, ఎందుకు కలవాలో తెలియట్లేదు” అంటున్నారు. కాలేజీలోనే విడిపోతే పాప పుట్టదు కదా, ఆ చిక్కు ఎలా విప్పాలి? గతం ఇద్దరికీ గుర్తుండాలా, ఒకరికేనా? తక్కువ ఖర్చులో పాత రోజులు ఎలా చూపించాలి? ముగింపు ఎలా ఉండాలి?

జవాబు: మీరు పంపిన మూడు ఎపిసోడ్లూ చదివాను. మీ కథకు కావలసిన సరుకు రెండో ఎపిసోడ్‌లో ఒక్క డైలాగులో దాక్కుని ఉంది. శ్రావణి స్నేహితురాలితో అంటుంది: “హుద్‌హుద్‌కి ఆయన తొమ్మిది రోజులు ఇంటికి రాలేదు. అప్పట్నుంచే మా మధ్య మాట తగ్గిపోనాది.” ఆ మాట అనేసి ఆవిడ టీ పెట్టడానికి లేచిపోతుంది, కథ మళ్లీ కాలేజీ క్యాంటీన్‌కి వెళ్లిపోతుంది. వాళ్లు విడిపోయింది 2014 అక్టోబరులో, హుద్‌హుద్ తుపాను నాటి ఆ తొమ్మిది రోజుల్లో. కాబట్టి వాళ్లను వెనక్కి పంపవలసింది కూడా అక్కడికే.

మీరు చూసిన సీరియల్ ఎందుకు నిలబడిందో ముందు గమనించండి. 2017లో కేబీఎస్2లో 12 ఎపిసోడ్లుగా వచ్చింది. 38 ఏళ్ల జంట విడాకులు తీసుకుని, 1999లో తమ 20 ఏళ్ల వయసులోకి వెళ్లి పడతారు. కాలేజీ రోజులు, పాత స్నేహితులు, పాత పాటలు అన్నీ ఉన్నాయి. అయినా దాన్ని మోసేవి రెండే: చనిపోయిన తల్లి 1999లో బతికే ఉండటం, కన్న కొడుకు 1999లో లేకపోవడం. తల్లి దగ్గర ఉండిపోతే కొడుకు దక్కడు, కొడుకు కోసం తిరిగొస్తే తల్లిని మళ్లీ వదులుకోవాలి. కాలేజీకి వెళ్లడానికి ఆ కథకు ఇంత గట్టి కారణం ఉంది. మీ శ్రావణికి 2003లో ఎవరూ ఎదురుచూడటం లేదు. ఆ సీరియల్ నుంచి మీరు కాలేజీని తెచ్చుకున్నారు, కారణాన్ని అక్కడే వదిలేశారు.

2014 అక్టోబరుకి పంపితే పాప చిక్కు దానంతట అదే విడిపోతుంది. పాపకు అప్పటికే రెండేళ్లు. పుడుతుందా పుట్టదా అన్న ప్రశ్నే రాదు. పైగా 2014 వేషం వేయడం 2003తో పోలిస్తే చాలా సులువు. నటులకు వయసు తగ్గించే మేకప్ అక్కర్లేదు, జుట్టూ మీసమూ మారిస్తే సరిపోతుంది.

ఆ వారం ఎలా నడిచిందో చూడండి. అక్టోబరు 3న దసరా. దసరా వెళ్లాక వచ్చే మంగళవారం, అంటే 7న, విజయనగరంలో పైడితల్లమ్మ సిరిమాను. ముందు రోజు సోమవారం ఆ పండగకే తొలి ఘట్టమైన తొలేళ్లు. 8న పున్నమి. వారం చివర్లో అట్లతద్ది. 12వ తేదీ ఆదివారం మధ్యాహ్నానికి హుద్‌హుద్ విశాఖ దగ్గర తీరం దాటింది, గంటకు 180 కిలోమీటర్ల దాకా గాలి. కరెంటు పోయింది, సెల్ టవర్లు పోయాయి, పెట్రోలు బంకుల దగ్గర క్యూలు, పాల ప్యాకెట్టుకీ క్యూలే. 23న దీపావళి. మొగుడు చల్లగా ఉండాలని చంద్రుణ్ని చూసేదాకా ఆడవాళ్లు ఉపవాసముండే అట్లతద్ది, మబ్బు కమ్ముకొస్తున్న రోజుల్లో వచ్చింది. ఇంత సామగ్రి మీ ఊరు మీకు ఊరికే ఇచ్చింది. క్యాంటీన్ సీన్లన్నీ తీసేయండి.

ఈ వారంతో ఇంకో లాభముంది. కాలంలో వెనక్కి వెళ్లిన పాత్ర దేవుడైపోతుంది, జరగబోయేది అంతా తెలుసు గనక. ఇలాంటి కథలు రాసేవాళ్లంతా ఇక్కడే ఇరుక్కుంటారు. లాటరీ నంబర్లు, స్థలాల ధరలు, క్రికెట్ స్కోర్లు వచ్చి కూర్చుంటాయి, మొగుడూ పెళ్లాల సంగతి పక్కకి పోతుంది. హుద్‌హుద్ విషయంలో ఆ ఇబ్బంది లేదు. తుపాను వస్తోందని అప్పటికే టీవీలూ పేపర్లూ చెప్పేస్తున్నాయి. శ్రావణికి పెద్ద సంగతి తెలిసినా ఉపయోగం లేదు, అది అందరికీ తెలిసిందే. ఆవిడకు మాత్రమే తెలిసినవి చిన్నవి: ఫోను ఏ పూట మూగబోతుంది, పాపకు జ్వరం ఏ రాత్రి వస్తుంది, నీళ్లు ఎప్పుడు అయిపోతాయి, ఆయన ఏ మాట అని గుమ్మం దాటాడు. కథ ఈ చిన్నవాటి మీదే నడవాలి.

ఇక ముడి. ఆ తొమ్మిది రోజుల్లో నిజంగా ఏం జరిగిందో మీ స్క్రిప్టులో లేదు. అది మీరు కల్పించాలి. ఇద్దరి వైపూ న్యాయం ఉండేలా, ఇద్దరి వైపూ ఒక తప్పు ఉండేలా కల్పించాలి. ఒక దారి చెబుతాను, నచ్చితే వాడుకోండి. 11 సాయంత్రం గిరికి విశాఖ డ్యూటీ పడింది. తుపాను వెళ్లాక ఫోన్లు లేవు. 14న అతని హెల్పరు చెయ్యి కోసుకుని గరివిడిలో తన ఇంటికి బయల్దేరాడు. “దారిలో మా ఇంటికెళ్లి చెప్పు, బాగానే ఉన్నాను, పని తెమలగానే వస్తానను” అని గిరి అతనితో కబురు పంపాడు. హెల్పరు నేరుగా ఊరెళ్లేసరికి ఇంటి పైకప్పు రేకులు ఎగిరిపోయి ఉన్నాయి. కబురు మర్చిపోయాడు. గిరి ఇన్నేళ్లూ అనుకుంటున్నది: కబురు అందినా నా పెళ్లాం మొహం తిప్పుకుంది. శ్రావణి ఇన్నేళ్లూ అనుకుంటున్నది: బతికున్నానని చెప్పించడానికి కూడా నా మొగుడికి తీరిక లేకపోయింది. ఇద్దరూ అబద్ధమాడలేదు. ఇద్దరూ అడగలేదు.

అయితే తప్పంతా హెల్పరు మీదకి నెట్టేస్తే గిరి తేలిగ్గా బయటపడిపోతాడు, కథ పలచబడుతుంది. అతనికి సొంత తప్పు ఒకటి పెట్టండి. అయిదో రోజున సామాన్ల కోసం ఆఫీసు జీపు విజయనగరం వెళ్లింది. ఎక్కి ఉంటే రెండు గంటలు ఇంటి దగ్గర ఉండి తిరిగొచ్చేవాడు. ఎక్కలేదు. ఒళ్లు హూనమై ఉంది, ఇంటికెళ్తే వినవలసిన మాటలకు జంకాడు. ఈ జీపు సంగతి అతను ఎవరికీ చెప్పలేదు. నాలుగో ఎపిసోడ్ దాకా ప్రేక్షకులకూ చెప్పకండి.

ఎవరికి గుర్తుండాలి అన్న ప్రశ్నకు జవాబు ఇక్కడే దొరుకుతుంది. ఇద్దరికీ గుర్తుండాలి, కానీ ఒకరికి గుర్తున్నట్టు రెండోవారికి తెలియకూడదు. ప్రేక్షకులను శ్రావణితోనే నడిపించండి. గిరికీ గుర్తుందని మూడో ఎపిసోడ్ చివర్లో బయటపెట్టండి, మాటతో కాకుండా పనితో. మొదటిసారి తుపాను వచ్చినప్పుడు ఇంట్లో నీళ్లు లేవు. కరెంటు లేక మోటార్లు ఆడలేదు, పాపను చంకనేసుకుని శ్రావణి బోరింగు దగ్గర లైను కట్టింది. ఈసారి 11 మధ్యాహ్నం ఆవిడ పెరట్లోకి వెళ్లేసరికి నీలం డ్రమ్ములు రెండూ అంచు దాకా నిండి ఉంటాయి, పైన తడిగుడ్డ కప్పి ఉంటుంది, తను నింపలేదు. అక్కడ ఆపేయండి. “నీకు కూడా గుర్తుందా?” అనే డైలాగు రాయాలని చెయ్యి దురద పెడుతుంది. రాయకండి.

వెనక్కి వెళ్లే పద్ధతికి మంత్రాలూ ఉంగరాలూ వద్దు. లైన్‌మన్ కథ కదా, కరెంటే చాలు. సామాన్లు పంచుకోవడానికి ఇద్దరూ పాత ఇంటికి వస్తారు, కరెంటు పోతుంది, వచ్చేసరికి 2014. తిరుగు ప్రయాణమూ అంతే: తుపానుకు పోయిన కరెంటు గిరి బాగుచేస్తున్న లైనుకు మళ్లీ వచ్చిన క్షణంలో వాళ్లు ఇప్పటి రోజుల్లోకి వచ్చేస్తారు. ఈ ఒక్క నియమం మీకు ఎంత పని చేస్తుందో చూడండి. గిరి ఎంత బేగి పని చేస్తే వాళ్లకు దొరికిన రెండో అవకాశం అంత బేగి అయిపోతుంది. పని నెమ్మది చేస్తే ఆస్పత్రి చీకట్లో ఉంటుంది. ఈ సంగతి వాళ్లకు నాలుగో ఎపిసోడ్‌లో తెలియాలి. ఒకసారి పెట్టిన నియమాన్ని ఆఖరుదాకా మార్చకండి. అవసరానికి తగ్గట్టు నియమం వంగితే చూసేవాడు ఫోను పక్కన పెట్టేస్తాడు.

మూడో ఎపిసోడ్‌లో గిరి ఒక చెంపదెబ్బ కొడతాడు, తర్వాతి సీన్లో శ్రావణి దాని ఊసే ఎత్తదు. ఇది చాలా పెద్ద విషయం. తీసేయండి. దాన్ని ఉంచితే మీ కథ ప్రశ్నే మారిపోతుంది: అపార్థం తొలగితే కలుస్తారా అన్నది పోయి, కొట్టినవాడి దగ్గరికి ఆవిడ తిరిగి ఎందుకు రావాలి అన్నది మిగులుతుంది. ఆ ప్రశ్నకు గతంలోకి వెళ్లి తెచ్చే జవాబు ఏదీ ఉండదు. దెబ్బను అపార్థాల లెక్కలో కలిపేసి, ఆనక అర్థం చేసుకుని సర్దుకుపోయినట్టు చూపించడం ఆ కష్టంలో ఉన్నవాళ్లకు అన్యాయం.

కోర్టు సంగతి సరిచేయండి. ఇద్దరూ ఒప్పుకుని వేసే విడాకుల పిటిషనుకు, హిందూ వివాహ చట్టం సెక్షన్ 13బి ప్రకారం, ముందు ఏడాదైనా విడిగా ఉండి ఉండాలి. పిటిషన్ వేశాక ఆరు నెలలు ఆగి, పద్దెనిమిది నెలల లోపు రెండోసారి కోర్టు ముందుకు వచ్చి అదే మాట మీద ఉన్నామని చెప్పాలి. ఆ ఆరు నెలలను తగిన కేసుల్లో కోర్టు తగ్గించవచ్చని 2017లో సుప్రీంకోర్టు చెప్పింది, కానీ మీకు తగ్గించడం అక్కర్లేదు. ఆ గడువే మీ కథకు ఆధారం. మొదటి వాయిదా అయిపోయింది, రెండో వాయిదాకు నాలుగు రోజులుంది, సామాన్లు పంచుకోవడానికి వచ్చారు: అక్కడ మొదలుపెట్టండి. మనసు మారడానికి చట్టం ఇచ్చిన వ్యవధిలోనే మీ కథ జరుగుతుంది.

గిరి పనిలో మీరు రాసినవి కొన్ని తప్పు. లైన్‌మన్ స్తంభం ఎక్కేముందు సబ్‌స్టేషన్ నుంచి ఎల్‌సీ, అంటే లైన్ క్లియర్ తీసుకుంటాడు. ఆ లైనుకు సరఫరా ఆపినట్టు అక్కడివాళ్లు ఖాయం చేయాలి. తర్వాత లైనును విడదీసే ఏబీ స్విచ్ తెరిచి, లైనును నేలకు కలిపే ఎర్త్ రాడ్ వేసి, అప్పుడు ఎక్కుతాడు. తుపాను తర్వాత ఇంకో ప్రమాదం ఉంటుంది. ఎవరో ఇంట్లో జనరేటరు సరిగ్గా కలపకుండా నడిపితే ఆ కరెంటు వెనక్కి లైన్లోకి ఎక్కుతుంది, చచ్చిన లైను అనుకుని ముట్టుకున్నవాడికి కొడుతుంది. హెల్పరు చేతికి దెబ్బ దీనివల్ల తగిలిందని కూడా రాసుకోవచ్చు, కానీ కాలిన గాయానికీ కోసుకున్న గాయానికీ కట్టు వేరుగా ఉంటుంది, మేకప్‌కి ముందే చెప్పండి. షూటింగులో అసలు స్తంభం ఎవర్నీ ఎక్కించకండి. కింద నేల మీద పడి ఉన్న సిమెంటు స్తంభం, తెగిన తీగ చుట్ట, గిరి చేతిలో ప్లయరు, తడిసిన చొక్కా చాలు.

2014ని చెడగొట్టే మొదటి వస్తువు క్యూఆర్ కోడ్. ఇప్పుడు మీ ఊళ్లో ఏ బడ్డీ ముందు కెమెరా పెట్టినా అది పడుతుంది. యూపీఐ 2016లో వచ్చింది. ప్రతి షాపు ముందూ ఒకరు నిలబడి అది తీసి, షాట్ అయ్యాక మళ్లీ పెట్టాలి. నోట్లు పాత 500, పాత 1000. అవి దొరకవు, చేతుల్లో పాత 100లే చూపించండి. జియో అప్పటికి లేదు. వాట్సాప్ ఉంది గానీ అందరూ వీడియో కాల్ చేసే రోజులు కావు. బండి నంబర్లు చూసుకోండి: విజయనగరానికి ఏపీ 35, శ్రీకాకుళానికి ఏపీ 30. ఏపీ 39 సిరీస్ తర్వాత వచ్చింది, అది ఫ్రేములో కనిపిస్తే పట్టేసేవాళ్లు కామెంట్లలో బోలెడుమంది ఉంటారు. రాజాంలో ఒక సీను పెట్టారు. అక్కడి బోర్డుల మీద ‘విజయనగరం జిల్లా’ అని ఉంటే మూసేయండి, 2022 ఏప్రిల్‌లో జిల్లాలు మార్చేదాకా రాజాం శ్రీకాకుళం జిల్లాలోది. సిరిమాను జనంలో నటులను పెట్టి తీయాలని ఆశపడకండి, వేలమంది చేతుల్లో ఇప్పటి ఫోన్లుంటాయి. డప్పుల శబ్దం ఆ పండగకే వెళ్లి రికార్డు చేసి తెచ్చుకోండి. చూసొచ్చిన శ్రావణి జడలో పూలు, పాప చేతిలో పీచుమిఠాయి చాలు.

తుపాను ఇంట్లోంచే తీయండి. వాన కెమెరాకు కనపడాలంటే వెనక నుంచి లైటు పడాలి, లేదంటే ఎంత నీళ్లు పోసినా కనిపించదు. కిటికీ అవతల ఒక ఎల్‌ఈడీ లైటు ఎత్తులో పెట్టి, ట్యాంకరు పైపు మూతిని వేలితో నొక్కి పైకి చిమ్మించండి, పడే నీళ్లు కిటికీకి రెండడుగుల దూరంలో ఉండాలి. తలుపు గడియ కదలడం అవతల నుంచి ఒక మనిషి తాడు లాగితే వస్తుంది. గాలి హోరు సెట్లో రికార్డు కాదు, తర్వాత కలపాల్సిందే. కాబట్టి ట్యాంకరు మోటారు ఆడుతున్నప్పుడు డైలాగులు పెట్టకండి, పెడితే ఆ ముక్క మొత్తం డబ్బింగ్ చెప్పుకోవాలి.

ఇలాంటి కథలో ఒకే సీను రెండుసార్లు వస్తుంది, మొదటిసారి జరిగినట్టు ఒకసారి, రెండోసారి బతికినట్టు ఒకసారి. రెంటినీ ఒకే రోజు, ఒకే పూట వెంటవెంటనే తీయండి. కెమెరా కదపకండి, లెన్సు మార్చకండి. నటులు నిలబడిన చోట నేల మీద టేపు ముక్క అంటించండి. గ్లాసు ఎక్కడుంది, ఫ్యాను ఆగి ఉందా, తాళిబొట్టు చీర పైన ఉందా లోపల ఉందా అన్నది ఫోనుతో ఫొటో తీసి ఉంచుకోండి. అంతా అలాగే ఉండి ఒక్క చూపు మారితేనే తేడా ప్రేక్షకుడికి తగులుతుంది. రెండో షాట్‌లో కెమెరా అడుగు జరిగినా వాడు ఆ తేడానే చూస్తాడు. రెండేళ్ల పాపను పెట్టిన సీన్లు పొద్దున్నే, పాలు తాగి హుషారుగా ఉన్న గంటలో తీసేయండి. జ్వరం సీన్లలో పాప దుప్పట్లో నిద్రపోతూ ఉంటే సరి.

పది ఎపిసోడ్లు మీకు ఎక్కువ. స్క్రిప్టు పేజీ ఒకటి దాదాపు ఒక నిమిషం. 20 నిమిషాలవి పది అంటే 200 పేజీలు. నలుగురి బృందం రోజుకు అయిదు పేజీలు తీయగలిగితే గొప్ప, అంటే 40 రోజులు. ఉద్యోగాలు చేసుకుంటూ ఆదివారాలు తీసేవాళ్లకు ఇది ఏడాది పని. మధ్యలో శ్రావణి పాత్ర చేసే అమ్మాయి జుట్టు కత్తిరించుకుంటుంది, ఇంటి ఓనరు గోడలకు రంగులేయిస్తాడు. 18 నిమిషాలవి ఆరు చేయండి. 108 పేజీలు, 22 రోజులు.

మాట గురించి. మీ స్క్రిప్టులో ఆటోవాడు, పనిమనిషి మాత్రమే మన ఉత్తరాంధ్ర యాసలో మాట్లాడుతున్నారు. గిరి, శ్రావణి మాత్రం టీవీ యాంకర్ల తెలుగు. నవ్వించడానికే మన మాట పనికొస్తుందన్నట్టు సినిమాలు అలవాటు చేశాయి, మీరు కూడా ఆ దారిన పోవడం నాకు బాధ కలిగించింది. చీపురుపల్లిలో పెరిగిన అమ్మాయి ఏడ్చేటప్పుడు “ఎందుకు రాలేదు?” అనదు, “ఏటైపోనావు నువ్వు?” అంటుంది. టీచరు కాబట్టి క్లాసులో ఒకలా, మొగుడితో కోపంలో ఇంకోలా మాట్లాడుతుంది. “వచ్చీసేను, తినీసేను, బేగి రా, ఒగ్గీ” ఇవన్నీ వాళ్ల నోటెంట సహజంగా రానివ్వండి. ముసలివాళ్లకు ఎక్కువ, పాప పెద్దయ్యాక తక్కువ.

ముగింపు. తుపాను ఆగకూడదు, తొమ్మిది రోజులు మూడు కాకూడదు. ఈసారి గిరి వెళ్లనంటాడు, పాపకు జ్వరం వస్తుందని అతనికి ఇప్పుడు తెలుసు. వెళ్లమనేది శ్రావణి. ఇక్కడ జాగ్రత్త: త్యాగమంతా ఆవిడ ఖాతాలో వేసి చేతులు దులుపుకోకండి. అయిదో రోజు ఆఫీసు జీపు బయల్దేరినప్పుడు ఈసారి గిరి ఎక్కాలి, ఇంటికొచ్చి ఆ రెండు గంటలూ వినవలసిన మాటలన్నీ వినాలి, మొదటిసారి ఎక్కలేదని తన నోటితో చెప్పాలి. తర్వాత తిరిగి డ్యూటీకి వెళ్లి కరెంటు ఇస్తాడు, ఇప్పటికి వచ్చేస్తారు. ఇప్పుడు లోకంలో ఏదీ మారి ఉండదు. ఇల్లు అదే, పిటిషన్ అదే, వాయిదా అదే. కోర్టు హాల్లో జడ్జి అడిగే ప్రశ్న దగ్గర ఆపుతారా, జవాబు వినిపిస్తారా అన్నది మీ ఇష్టం. నేనైతే వినిపిస్తాను. ఆరు ఎపిసోడ్లు చూసినవాడికి ఆ మాట బాకీ ఉంటాం.

ఎపిసోడ్ ఒకటి నుంచి వరసగా రాయకండి. ముందు గరివిడి సీను రాయండి. రెండోసారి బతుకుతున్న శ్రావణి, బస్సులు తిరగడం మొదలవగానే పాపను పక్కింట్లో అప్పగించి, నెల్లిమర్ల మీదుగా ఆ హెల్పరు ఇల్లు వెతుక్కుంటూ వెళ్తుంది. ఒంటి చేత్తో టార్పాలిన్ కడుతున్న మనిషి ఆవిణ్ని చూసి తాడు వదిలేస్తాడు. “గిరి సెప్పమన్నాడమ్మా. ఇంటికొచ్చీసరికి రేకుల్లేవు, పిల్లలు తడిసిపోతన్నారు. మరిసిపోనాను.” ఆవిడ ఇన్నేళ్లుగా మోసిన కోపం ఎవరి మీద దింపాలి? ఆవిడ ఏమీ అనకుండా ఆ టార్పాలిన్ రెండో కొస పట్టుకుంటుంది. ఈ సీను రెండు పేజీలు దాటనివ్వకండి. ఇది కుదిరితే మిగతా 106 పేజీలు దేని చుట్టూ తిరగాలో మీకే తెలుస్తుంది. రాశాక ఆ రెండు పేజీలే ముందు పంపండి.